మిరప ఎదుట పత్తి

"కరెంటు పోయింది."

"తెలుస్తోందండీ, నాకూ కళ్ళున్నాయి," అంది దేవకుమారి. "జనరేటరు?"

"డీజిల్ లేదు."

"మరి మీరెందుకున్నారు?"

ఏసోబు తలమీంచి కారుతున్న నీళ్ళు తుడుచుకున్నాడు. పొన్నూరు కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. సైన్సు ఎగ్జిబిషన్లో ప్రొజెక్టరు బాధ్యత అతనిది. బయట కుండపోత వాన. హాల్లో విద్యార్థులు బల్లలు చరుస్తున్నారు. ఆమె చేతిలో స్లైడ్ల డబ్బా ఎందుకూ పనికిరాకుండా ఉంది.

కెమిస్ట్రీలో కొత్తగా చేరిన దేవకుమారికీ అతనికీ మొదటిరోజే చెడింది. తన నకలు తనే తయారు చేసుకునే అణువును జర్మనీలో కనిపెట్టారని ఆమె స్టాఫ్ రూములో ఉత్సాహంగా చెబుతుంటే, "అయితే సీసాకి బారసాల ఎప్పుడండీ?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఆమె అతన్ని పలకరించింది చాక్‌పీసు కావలసినప్పుడే. ఆ చాక్‌పీసు కోసం అతను రోజూ కాచుకుని కూర్చుంటాడని ఆమెకు తెలియదు.

ఇవాళ ఆమె హాల్లోకి వేలు చూపించింది.

"ముందు వరసలో తెల్లపంచె ఆయన మా నాన్న, జక్రయ్య మాస్టారు. నేను పీహెచ్‌డీకి వెళ్ళాలంటున్నాను. ఆయన చీమకుర్తి సంబంధం తెచ్చారు. 'నువ్వు చదివేదేంటో నాకర్థమయ్యేట్టు చెప్పు. చెప్పగలిగితే చదువు, లేకపోతే పెళ్ళి' అన్నారు. సాయంత్రం వాళ్ళకి మాట ఇచ్చేస్తారు."

ఏసోబు తల తుడుచుకోవడం ఆపాడు.

"అబ్బాయేం చేస్తాడు?"

"గ్రానైటు క్వారీ మేనేజరు."

"కెమిస్ట్రీ వచ్చా?"

"డైనమైటు వచ్చు."

ఏసోబు వానలోకి పరుగెత్తాడు. వ్యవసాయం స్టాలు నుంచి బుట్ట నిండా ఎండు మిరపకాయలూ పగిలిన పత్తికాయలూ మోసుకొచ్చి ఆమె ముందు దించాడు.

"స్లైడ్లు లేకపోతే మనుషులున్నారుగా. మీ అణువుకి రెండు ముక్కలనుకుందాం. ఒకటి మిరప, ఒకటి పత్తి. మిరప ఎదుట పత్తి మాత్రమే నిలబడుతుంది. సరేనా?"

ఆమె తెల్లబోయింది. "ఇదంతా మీకెలా తెలుసు?"

"పక్క క్లాసు నాదేనండి. గోడ పల్చన."

మగపిల్లలకు మిరపకాయలు, ఆడపిల్లలకు పత్తికాయలు పంచారు. హాలంతా తుమ్ములు. దేవకుమారి వేదిక ఎక్కింది.

"ముందు ఒక జంట చేతులు కలిపి నిలబడాలి. ఎవరొస్తారు?"

ఆడా మగా చేతులు కలపడమా? పొన్నూరులో, అదీ పెద్దల ఎదుట!

"మా బాబు నరుకుతాడు మేడమ్," అన్నాడు వెనక బెంచీ కుర్రాడు.

"సరే, మీరంతా చేతిరుమాలు చెరో కొస పట్టుకోండి. మొదటి జంట..." వాచీ చూసుకుంది. నాన్న వైపు చూసింది. చటుక్కున ఏసోబు చెయ్యి పట్టుకుని పక్కన నిలబెట్టింది. "మిరపకాయ తీసుకోండి. కదలకండి."

కదలమన్నా కదిలే స్థితిలో లేడతను.

"చూడండి. ఈయన మిరప. ఈయన ఎదుటికి ఒక పత్తి రా. నేను పత్తి. నా ఎదుటికి ఒక మిరప రా. ఇప్పుడు మీరిద్దరూ పక్కపక్కన పడ్డారా? రుమాలు పట్టుకోండి. అంతే! మాలాంటి జంట ఇంకొకటి తయారైంది. ఎవరూ చెయ్యలేదు. మేం ఊరికే నిలబడ్డాం. ఇప్పుడు మీరు పక్కకెళ్ళి ఇంకో జంటని కలపండి."

రెండు జంటలు నాలుగయ్యాయి, నాలుగు ఎనిమిదయ్యాయి. కాసేపటికి హాలంతా రుమాళ్ళే. బుట్ట ఖాళీ అయింది. పిల్లలు ఈలలు వేసి, రుమాళ్ళు వదిలేసి, తుమ్ముకుంటూ కూర్చున్నారు.

జక్రయ్య మాస్టారు లేచారు.

"అమ్మాయ్, ఇది ప్రాణమా?"

"కాదు నాన్నా. ప్రాణం దేవుడిది. ప్రాణం చేసే పనుల్లో ఒకే ఒక్కటి నేర్చుకున్న రసాయనం ఇది."

"మరి ఈ లెక్కన ఈ పాటికి లోకమంతా ఇవే నిండాలిగా? ఎందుకు నిండలేదు?"

దేవకుమారి ముఖం విప్పారింది. "అదే నాన్నా నేను చదవాలనుకున్నది! వీళ్ళు పక్కకెళ్ళమంటే వెళ్ళారు గానీ, నిజంగా పుట్టిన నకలు అసలుని వదలదు. ఎదురుగా పట్టుకుని కూర్చుంటుంది. కొత్త ముక్కలకి చోటుండదు. దాన్ని విడదీసే ఉపాయం కావాలి."

"ఓహో." మాస్టారు కళ్ళజోడు సవరించుకున్నారు. "మీరిద్దరూ ఇందాకట్నించీ చేతులు వదలకుండా నిలబడ్డది అదేనన్నమాట."

హాలు గొల్లుమంది. దేవకుమారికి ఆ నవ్వులేవీ వినపడలేదు. లెక్క తప్పితే ఊరుకునే మనిషి కాదు.

"కాదు నాన్నా! ఎదురెదురు పట్టు మెత్తనిది. కాస్త వేడి తగిలితే ఊడిపోతుంది. ఇది పక్కపక్క పట్టు. వేడికీ ఊడదు, చలికీ ఊడదు, ఇది..."

ఆగిపోయింది.

"చెప్పమ్మా. ఇది?"

ఆమె ఏసోబు వైపు చూసింది. కళ్ళలో నీళ్ళతో నిలబడ్డాడు. మిరప ఘాటని రేపు స్టాఫ్ రూములో చెప్పుకోవచ్చు.

"ఇది ఊడదు నాన్నా," అంది నెమ్మదిగా.

వరండాలో మాస్టారు అతన్ని పక్కకి పిలిచారు.

"ఏ ఊరబ్బాయ్?"

"ఒంగోలండి."

"అయితే బాప్టిస్టులు."

"అవునండి."

"మేం గుంటూరు లూథరన్లం. బాప్తిస్మానికి మేం నీళ్ళు చల్లుతాం. మీరు మనిషిని ముంచుతారు."

"పెళ్ళికి ఎవరూ ముంచరు కదండీ."

మాస్టారు మీసం కదిలింది. నవ్వో కాదో తేలలేదు. వెనకే వచ్చిన కూతురి వైపు తిరిగారు.

"చీమకుర్తి వాళ్ళకి చదువని చెబుతాను. నాకర్థమైంది. రెండూ అర్థమయ్యాయి. మరి ఇతను?"

"పీహెచ్‌డీ అయిందాకా ఆగాలి," అంది నేల చూస్తూ.

"ఎన్నేళ్ళయినా ఆగుతానండి," అన్నాడు ఏసోబు.

"ముందు అడగాల్సింది నన్ను, అబ్బాయ్! ఆదివారం మీ అమ్మానాన్నల్ని తీసుకురా. ఆరాధన మా గుడిలో, భోజనం మా ఇంట్లో. ఆలస్యంగా వస్తే మా పాస్టరుగారి ప్రసంగం మొదట్నించీ మళ్ళీ చెప్పిస్తా."

"పొద్దున్నే వస్తామండి."

"ఎంత పొద్దున్నే?" అని అడిగింది దేవకుమారి.