మూలకిటికీ మూగమాట

పొద్దుగూకాక ఆ బట్టల మిల్లు పెరట్లో తలెత్తి నడిచినవాళ్లు లేరట. మేడ మీది మూలకిటికీకి అంత చెడ్డపేరు.

మిల్లులు ఇంకా ఆవిరితో నడిచే రోజుల సంగతి ఇది. మేడ మీద కండెలకు దారం చుట్టే గది ఉండేది. పనిచేసే ఆడపిల్లలు బయటికి తిరగకుండా ఆ గదికి బయటి నుంచి తాళం వేసేవాళ్లు. ఒకనాడు లోపల మంటలు లేచాయి. తాళం తీసేసరికి అందరూ దగ్గుతూ బయటపడ్డారు... ఒక్క పిల్ల తప్ప.

అప్పటి నుంచి చీకటి పడితే చాలు, ఆ కిటికీలో ఓ ఆడపిల్ల నిలబడి నోరు కదుపుతుందని పుకారు. గొంతు మాత్రం వినపడదు.

వినపడకపోతే ఏమంటోందో తెలిసేదెలా? ఊరికి ఆ ఇబ్బందేమీ లేదు. శాపాలు పెడుతోందని తేల్చేశారు. ఆ శాపం తగిలి ఒకడికి పన్ను ఊడిందట. ఇంకొకడి కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయట. దాని కళ్లు నిప్పుల్లా ఉంటాయన్నవాడూ, అసలు కళ్లే ఉండవన్నవాడూ ఒకే బల్ల మీద కూర్చుని ఒకరి మాటకొకరు తలూపుకునేవాళ్లు. ఇద్దరిలో ఏ ఒక్కడూ పైకి చూసిన పాపాన పోలేదు.

కింద మరమగ్గాల గదిలో పనిచేసే ఓ పిల్లకి ఈ కబుర్లంటే ఒళ్లు మంట. తల్లీ తండ్రీ లేరు, ఉన్నది చెల్లెలొకతే. వీధిలో అందరూ వాళ్లని పెద్దది, చిన్నది అనేవాళ్లు. పెద్దదాని నోటికి జడిసి మేస్త్రీలు కూడా దూరంగా నడిచేవాళ్లు.

ఒక చలికాలం, మంటల నాటి నుంచి మూతపడిన పైగదికి సున్నం కొట్టి మళ్లీ పని మొదలుపెట్టారు. చిన్నదాన్ని అక్కడికి మార్చారు. తాళమూ మళ్లీ వేశారు. గోడకు సున్నం కొడితే మనుషుల బుర్ర కూడా తెల్లబడిపోతుంది కాబోలు.

"అక్కా, నేను పైకి వెళ్లను. అది నా వెనకే నిలబడినట్టుంటుంది."

"ఊరికే నిలబడటమెందుకు, నాలుగు కండెలు చుట్టమను."

"నీకన్నీ వేళాకోళమే."

"దెయ్యమంటే వేళాకోళమే. తాళమంటేనే నాకు భయం."

ఆ భయంతోనే పెద్దది తాళాలమ్మ దగ్గరికి వెళ్లింది. మేడ మీది పిల్లల్ని కనిపెట్టుకునే మనిషి ఆవిడ. నడుముకి ఎప్పుడూ తాళాల గుత్తి. కిటికీ కింద తల దించుకోండర్రా, చూస్తే చచ్చారే... అని రోజూ పిల్లల చెవిలో పోసేదీ ఆవిడే.

"తాళం వేయకండి తాళాలమ్మగారూ. లోపల నా చెల్లెలుంది."

"వేయకపోతే నా పని పోతుంది. నీదీ, దానిదీ కూడా."

"పని పోతే ఇంకోటి వెతుక్కుంటాం."

"పోవే, పో. తల దించుకుని పో."

ఆ సాయంత్రం మగ్గాలు ముందే ఆగాయి. పైగదిలో ఇంకా పని నడుస్తోంది. చెల్లెలి కోసం పెద్దది సరిగ్గా ఆ కిటికీ కిందే నిలబడింది. మిగతా పిల్లలు తలగుడ్డలు కళ్ల మీదికి లాక్కుని, ఒకరినొకరు తోసుకుంటూ గేటు దాటారు. పెద్దది చేతులు కట్టుకుని తలెత్తింది.

"చూస్తున్నా. రా, నా పన్ను కూడా ఊడగొట్టు."

ముందు అద్దం మసే కనబడింది. తరవాత మసి వెనక... ఒక ముఖం.

పైనున్న పిల్లలెవరో ఆటపట్టిస్తున్నారని నవ్వుకుంది. ఇంతలో ఆ నోరు కదిలింది — మెల్లగా, పెదాలు బాగా సాగదీసి.

పెద్దదాని నవ్వు ఆగిపోయింది.

అది శాపం కాదు. మూగమాట. మగ్గాల హోరులో చెవిలో అరిచినా వినపడదు. అందుకే మిల్లు పిల్లలు పెదాలతోనే మాట్లాడుకునేవాళ్లు. గది ఆ చివర పెదాలు కదిపితే ఈ చివర చదువుకునేవాళ్లు. తగువులూ, పెళ్లి కబుర్లూ అన్నీ అలాగే. ఊరు మొత్తంలో ఆ నోటిని చదవగలిగింది వాళ్లే. వాళ్లనే తల దించుకోమన్నారు.

*అక్కా...*

పెద్దది కిటికీ వైపు ఓ అడుగు వేసింది. చిన్నదా? కాదు... చిన్నదాని ముఖం కాదు.

*అక్కా... తాళం తియ్యి.*

ఆ చూపు పెద్దదాని మీద లేదు. భుజం దాటి వెనక్కి పోతోంది. పెద్దది తిరిగి చూసింది.

మెట్ల దగ్గర తాళాలమ్మ. తల వాలిపోయి ఉంది. తాళాలు చప్పుడు కాకుండా పిడికిట్లో బిగించి పట్టుకుంది.

"నిన్నే పిలుస్తోంది," అంది పెద్దది గుసగుసగా. మీరు అనడం మానేసింది.

"తెలుసు."

"ఎవరది?"

"మా చెల్లి."

పెద్దది ఆవిడ పిడికిలి వంక చూసింది.

"ఆ రోజు తాళం నీ దగ్గరే ఉంది కదూ."

"పొగ చూశాను. తియ్యమంటారా అని మేనేజరుగారిని... అడగడానికి వెళ్లాను."

"అడగడానికి వెళ్లావా." ఆ మాట పెద్దది ఉమ్మేసినట్టే అంది. "పిల్లలందరి తలలూ దించింది ఇందుకన్నమాట."

"మీరు ఒక్కసారి చూస్తే చదివేస్తారు." తాళాలమ్మ గొంతు ఇంకా తగ్గింది. "మొదటి రోజు *అక్కా* అన్నంతవరకే చూశాను. మళ్లీ తలెత్తలేదు... ఆ తరవాత ఏమంటోంది? తిడుతోందా?"

పెద్దదాని నాలుక మీద తిట్లకి కొదవలేదు. మింగేసింది.

"తిట్టడం లేదు. తాళం తియ్యమంటోంది, అంతే. పైన నా చెల్లెలుంది, రేపు మళ్లీ మంట లేస్తే అదీ అలాగే అడుగుతుంది. ఇలా ఇవ్వు. ఈసారి ఎవరినీ అడగడానికి వెళ్లకు."

తాళాలమ్మ వేళ్లు విడివడటానికి చాలాసేపు పట్టింది.

పెద్దది మెట్లెక్కి తాళం తీసి తలుపు బార్లా తోసింది. పిల్లలు కండెలు వదిలి చూశారు. "పని ముగిసే కూత ఇంకా వేయలేదుగా?" అంది ఎవరో. మూలకిటికీ ముందు దారం పెట్టెలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. వాటి వెనక పిల్లి కూడా పట్టదు.

పెద్దది ఇంకేమీ చూడలేదు. చిన్నదాని చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

పెరట్లో తాళాలమ్మ తలెత్తి నిలబడి ఉంది. చప్పుడు లేకుండా పెదాలు కదుపుతోంది... ఆగకుండా, తడబడుతూ, ఇన్నేళ్లదీ ఒక్కసారే.

పైన, మసి అద్దం వెనక నోరు మూతపడింది. వింటోంది.

చిన్నది అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆవిడేమంటోందక్కా?"

ఆ పెదాలు చదవకుండా పెద్దది తన ముఖాన్నీ, చెల్లెలి ముఖాన్నీ గేటు వైపు తిప్పేసింది.

"మనతో కాదు. నడు."