పిడుగుపిట్ట ఆఖరి మునక

పిల్లల ఊపిరిని బట్టి కథకు మార్కులేసే ఊపిరితూకాన్ని కోరాడ లక్ష్మణమూర్తి ఈ పరీక్షగదికి తెచ్చి పన్నెండేళ్లు కావస్తోంది. ఆ రోజు నుంచి గొర్లె సన్యాసయ్య అభిప్రాయం ఒట్టి వేలిముద్రగా మిగిలింది. అంతకుముందు పిల్లల బొమ్మల కథ ఏదైనా ప్రసారానికి వెళ్లాలంటే సన్యాసయ్య చూసి బలాలూ లోపాలూ చెప్పేవాడు, ఆ మాటే చెల్లేది. ఆరో తరగతితో బడి మానేసిన మనిషి చెబితే తీరమంతటి పిల్లలు వినాలా అని లక్ష్మణమూర్తి పైఅధికారులకు రాశాడు. రాసి, పర్యవేక్షకుడయ్యాడు. ఈ సంగతిని సన్యాసయ్య రోజూ పొద్దున్నే ఒకసారి తలచుకుంటాడు. తలచుకున్నాక టీ ఇంకాస్త రుచిగా ఉంటుంది.

ఆ ఉదయం కూడా టీ ముగించి, నీలవేణితో కలిసి నలభైమంది పిల్లల ఛాతీలకు పట్టీలు బిగించాడు. నీలవేణి పట్టీల మరమ్మతు చూసే మనిషి. అతణ్ణి బాబాయ్ అంటుంది. పట్టీ ఊపిరిని కొలుస్తుంది: వేగం పెరిగితే ఉత్సాహం, అదిరితే నవ్వు, కదలిక లేకపోతే నిద్ర. నిద్ర అని తేలిన ముక్కను కూర్పుయంత్రం కోసేసి, ఉత్సాహం పుట్టించే ముక్క అతికిస్తుంది. కోతకు మనిషి వేలిముద్ర పడాలని చట్టం. పన్నెండేళ్లపాటు తూకంతో ఒక్కసారీ విభేదించని పరీక్షకుడికి కొండవాలున మిట్టనేల రాసిస్తారు. సముద్రం ఎక్కి వచ్చి దిగడం మానేసిన తీరంలో కాలికింద పొడినేల ఉండటం చిన్న సంగతి కాదు. సన్యాసయ్యకు ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి. అతని భార్య పార్వతాలు ములగచెట్టు ఎటువైపు వెయ్యాలో కూడా నిర్ణయించేసింది.

ఆ రోజు తూకానికి వచ్చింది ‘పిడుగుపిట్ట’ మూడువందల పన్నెండో భాగం, ఆఖరిది. ఆరేళ్లుగా రెక్కల్లో మెరుపు పెట్టుకుని ఎగిరిన ఆడపిల్ల కథ. మొదటి సగం సన్యాసయ్యకు నచ్చలేదు. పోరు మరీ సాగింది, పిడుగుల మీద పిడుగులు. నూట నలభయ్యో భాగంలో చనిపోయిన గురువు ఏ కారణమూ లేకుండా తిరిగొచ్చి ఆశీర్వదించాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు, తూకం ముల్లు కుడివైపుకి పరుగెత్తింది. భోజనం గంటకీ చప్పట్లు కొడతారు, అది కథ గొప్పతనమా అని సన్యాసయ్య నీలవేణి చెవిలో గొణిగాడు.

తరువాత ఆ ముక్క వచ్చింది. శత్రువు ఇనుపగద్ద తన కవచం బరువుకి వరదలో మునిగిపోతాడు. పిడుగుపిట్టలో మెరుపు అయిపోయింది. ఇక ఆమె మామూలు పిల్ల. అయినా అతణ్ణి తియ్యడానికి దూకుతుంది. మూడు నిమిషాల పది సెకన్లు సంగీతం లేదు, మాట లేదు. బురదనీళ్లలో తడుముకునే చేతులు, ఒక్కొక్కటిగా ఊడదీసే కవచపు బిళ్లలు, అంతే. గది నిశ్శబ్దమైపోయింది. ముల్లు ఎడమవైపు చివరికి వాలి, నిద్ర దగ్గర ఆగింది.

ఛాతీలో నొప్పి పుట్టాక, తానూ ఊపిరి బిగబట్టినట్టు సన్యాసయ్య అప్పుడు గుర్తించాడు. పిల్లల వైపు చూశాడు. నలభై జతల కళ్లు తెరిచే ఉన్నాయి. పిడుగుపిట్ట తల నీటిపైకి వచ్చాక గదంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. నీళ్లమీద తేలే ఈ పేటల పిల్లలకు నడక కంటే ముందు నేర్పేది అదే: నీరు ముంచితే ఊపిరి పట్టు. సముద్రానికి దూరపు నగరాల పిల్లల మీద కట్టిన తూకానికి ఆ చదువు లేదు.

చివరి రెండు నిమిషాలు మళ్లీ చెడ్డాయి. ఒడ్డున పడ్డ ఇనుపగద్ద ఒక్క మాటతో మంచివాడైపోయి ఆమెకు దండ వేశాడు. ఆరేళ్ల పగ చొక్కా విప్పినంత తేలిగ్గా పోయింది. తూకం దానికి నిండు మార్కులేసింది.

పట్టీలు విప్పుతూ సన్యాసయ్య పోలి అనే ఎనిమిదేళ్ల పిల్లని అడిగాడు, నీళ్లలో ముక్క దగ్గర నిద్రొచ్చిందా అని. ఆ పిల్ల అతణ్ణి తెలివితక్కువవాణ్ణి చూసినట్టు చూసింది.

“ఆవిడే ఊపిరొదల్లేదు తాతా. నానెలా ఒదుల్తాను?”

మధ్యాహ్నానికి కోతపత్రం తయారైంది. మునక మొత్తం తీసేసి, ఆ చోట ఇంకో పోరు పెట్టారు. లక్ష్మణమూర్తి స్వయంగా పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాడు. సన్యాసయ్య జరిగింది చెప్పాడు. లక్ష్మణమూర్తి ఓపిగ్గా విన్నాడు. పదిహేడు పేటల పరీక్షగదుల్లోనూ ముల్లు అక్కడే వాలిందని, పదిహేడు గదులూ పొరబడవని అన్నాడు. పదిహేడు గదుల్లోనూ మన పిల్లలే ఉన్నారు కదా అన్నాడు సన్యాసయ్య. లక్ష్మణమూర్తి పత్రాన్ని అతని వైపు జరిపాడు.

“పంతొమ్మిది రోజులు, సన్యాసయ్యగారూ. నేను మీకు మేలు కోరే చెబుతున్నాను,” అన్నాడు లక్ష్మణమూర్తి. పన్నెండేళ్లలో అతను గారు అనడం అదే మొదలు.

నీలవేణి పట్టీలు చుడుతూ తలెత్తలేదు. “బాబాయ్, కళ్లు మూసుకుని యేలిముద్రెట్టీ. పిన్నికేటి సెప్తావు?”

“సూసిందే సెప్తాను. అది కథలో బాగున్న ముక్కమ్మా. తీసేస్తే మిగిలింది టపాకాయల కొట్టు.”

అతను పత్రం తిప్పి, వెనకవైపు పెద్ద అక్షరాలతో రాశాడు. లోపాలు: పోరు సాగింది, గురువు రాక అనవసరం, గద్ద మారిన తీరు నమ్మేలా లేదు. బలం: మునక. కోత వద్దు. పిల్లలు నిద్రపోలేదు, ఆమెతో మునిగారు. కింద వేలిముద్ర కాదు, పేరు రాసి సంతకం పెట్టాడు.

పరీక్షకుడు విభేదిస్తే, తగవు తేలేదాకా కోత చెల్లదని చట్టం. ఆ సాయంత్రం పిడుగుపిట్ట మునకతోనే ప్రసారమైంది. పార్వతాలు వడ్డన ఆపి కథ అయ్యేదాకా చూసింది. అయ్యాక, అన్నం చల్లారిపోయిందని మాత్రం అంది. సన్యాసయ్య రాసింది నిజమేనని విచారణలో తేలి, వారం తిరిగేసరికి పదిహేడు గదుల్లో తూకాలు ఆగిపోయాయి. పన్నెండేళ్లలో నిద్ర అని కోసేసిన ముక్కలన్నీ తీసి మళ్లీ చూడాలని పైనుంచి ఆజ్ఞ వచ్చింది. చూడటానికి మనిషి కావాలి. లక్ష్మణమూర్తి ఆ పెట్టెలు తానే మోసుకొచ్చి సన్యాసయ్య బల్ల పక్కన దించాడు.

దాంతోపాటే వచ్చిన రెండో కాగితాన్ని సన్యాసయ్య టీ తాగుతూ చదివాడు. కొండవాలు, పదిహేడో వరుస, తూర్పు ముఖం, తూకంతో విభేదించినందున కేటాయింపు రద్దు: నాలుగు సెంట్ల పదకొండు గజాలు.