కందిరీగ ఆఖరి టేపు

బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో ట్రామ్ దిగుతున్న మనిషి మెట్టు మీదే కూలిపోయాడు. మెడలో సన్నటి విషపు సూది. చుట్టూ ఉన్నవాళ్లు గుండెపోటనుకున్నారు.

అతని కోడ్ పేరు కందిరీగ. ఒక ఎడారి దేశంలో విషవాయువు తయారవుతోందని కథ అల్లి అమెరికాకు అమ్మింది అతనే. ఆ కథ నమ్మి అమెరికా యుద్ధానికి దిగింది. విషవాయువు దొరకలేదు. శవపేటికలు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నాయి.

ఆ చావు కబురు చెవిలోని బుల్లి రిసీవర్‌కు చేరేసరికి ఏజెంట్ కర్ట్ లూడ్కె అమెరికాలోని ఐయోవా రాష్ట్ర మేళాలో పొయ్యి ముందు చాప్స్, అంటే ఎముకతో కోసిన పంది మాంసం ముక్కలు కాలుస్తున్నాడు. ఏప్రన్, గడ్డి టోపీ, అంటించిన మీసం.

"వెన్న ఆవు కరిగిందా?" వాషింగ్టన్ నుంచి చీఫ్ ప్రెంటిస్ గొంతు. మేళాలో వెన్నతో చేసి పెట్టిన ఆవు బొమ్మే ఆ రోజు సంకేతం.

"గట్టిగానే ఉంది. చెప్పండి."

"కందిరీగను హాల్బెర్డ్ ముఠా లేపేసింది. దొంగ సమాచారం అమ్ముకు బతికే గుంపు. వాడి ఒప్పుకోలంటూ ఒక టేపు సెనేటర్ బ్రాన్వాల్డ్‌కు చేర్చారు. 'నా చేత అబద్ధం చెప్పించింది మీ ప్రభుత్వమే' అని ఉంది. నకిలీ. ఆవిడ కాసేపట్లో మైకులో వినిపిస్తుంది."

"వినిపిస్తే?"

"నకిలీ అని రేపు ముఠాయే బయటపెడుతుంది. యుద్ధం తప్పన్న ప్రతివాడూ అబద్ధాలకోరు అయిపోతాడు. వాళ్ల దగ్గర రెండో ఫైలు సిద్ధంగా ఉంది. ఇంకో దేశం, ఇంకో యుద్ధం. ఇక అనుమానించేవాడే ఉండడు. టేపు ఆపు. అంతే."

"మొదటిసారి నేను రాసిన హెచ్చరిక..."

"అది ఎత్తకు!" లైన్ కట్టయింది.

కర్ట్ పళ్లు నూరాడు. కందిరీగను స్వయంగా ప్రశ్నించి 'వీణ్ణి నమ్మొద్దు' అని రాసింది తనే. ఎవరూ వినలేదు. ఈసారైనా వినిపించాలి.

అవతల గడ్డిమోపుల వేదిక మీద అధ్యక్ష పదవికి పోటీపడుతున్న గవర్నర్ డాసెట్ ఊగిపోతున్నాడు. "సమాచారం తప్పయితే అయింది! యుద్ధం మాత్రం ఒప్పే!" సగం మంది చప్పట్లు, సగం మంది బూతులు.

తర్వాతి వంతు సెనేటర్ హ్యారియెట్ బ్రాన్వాల్డ్‌ది. కానీ ఓట్లడగడానికి ఐయోవా వచ్చినవాళ్లెవరైనా ముందు ఈ పొయ్యి దగ్గర చాప్ తిప్పాల్సిందే. ఆవిడ పట్టకారు అందుకుంది.

"యుద్ధానికి ఓటేస్తూ ఎత్తిన చెయ్యి అదేనా తల్లీ? మాంసం మాడ్చకు!" గుంపులోంచి ఎవడో అరిచాడు.

ఆవిడ నవ్వు చెదరనివ్వలేదు. కర్ట్ పక్కకు వంగాడు. "మేడమ్, నేను ఏజెన్సీ మనిషిని. మీ దగ్గరున్న టేపు నకిలీ. అందులో చెప్పిన తేదీన కందిరీగ మా కస్టడీలో ఉన్నాడు. అది పంపినవాళ్లు ఇంకో యుద్ధానికి ఇంకో ఫైలు అమ్మబోతున్నారు."

"ఓహో! అప్పుడు నమ్మమన్నారు, నమ్మి మునిగాను. ఇప్పుడు నమ్మొద్దంటావా? సిగ్గు లేదూ?"

"నమ్మొద్దని నేను అప్పుడే రాశాను. యుద్ధం మీద ఓటింగుకు ముందు మీ సెనేటర్ల కోసం రహస్య పత్రాల తాళం గదిలో ఉంచారు. మీరు ఆ గదికి రాలేదు."

ఆవిడ చేతిలో చాప్ పొయ్యిలో పడింది.

"టేపు ఎవరిచ్చారు?"

"మా ప్రచారంలో పనిచేసే లెనోర్. ఇక్కడి రైతుబిడ్డ. మూడు తరాలుగా ఇక్కడే."

ఎర్ర గౌనులో మెరిసిపోతూ లెనోర్ రానే వచ్చింది. "టైమయింది మేడమ్."

కర్ట్ ఒక చాప్ అందించాడు. "పోయినసారి పార్టీ అభ్యర్థి ఎంపికలో ఎవరి వైపమ్మా?"

"సెనేటర్ గారి వైపే, వంటమాస్టారూ!" కన్ను గీటింది. "మా ఆయన గవర్నర్ మనిషి. ఆయనకు తెలియకుండా చీటీ పెట్టెలో వేసేశాను."

పక్కనున్న ముసలి రైతుకు పొలమారింది. "చీటీయా? పెట్టెయా? ఏ ఊరమ్మా నీది?"

సెనేటర్ పార్టీ వాళ్లకు ఐయోవాలో అభ్యర్థి ఎంపికకు చీటీ లేదు, పెట్టె లేదు. బడి ఆటల హాల్లో ఊరందరి కళ్లముందు తమ అభ్యర్థికి కేటాయించిన మూలకెళ్లి నిలబడాలి. మొగుడికి తెలియకుండా నిలబడడం ఎవరి తరం?

సెనేటర్ ముఖం పాలిపోయింది. లెనోర్ చెయ్యి లిప్‌స్టిక్ మీదకు పోయింది. క్లిక్! అది రిమోట్. వేదిక స్పీకర్లు గరగరలాడాయి. "నేను... కందిరీగ అనే..."

కర్ట్ బల్ల మీంచి దూకి స్పీకర్ వైరును పట్టకారుతో పట్టి లాగేశాడు. నిప్పురవ్వలు. నిశ్శబ్దం.

మారువేషాల్లో ఉన్న ఇద్దరు అధికారులు లెనోర్ రెక్కలు విరిచిపట్టారు. ఆమె సెనేటర్ వైపు చూసి నవ్వింది. "నన్ను పట్టుకుని ఏం లాభం? టేపు అడిగి తెప్పించుకుంది ఈవిడే. 'మోసపోయాను' అనడం ఎంత సుఖం!"

సెనేటర్ గడ్డిమోపు ఎక్కింది.

"నన్ను మోసం చేశారని చెప్పాలని వచ్చాను," మైకు లేకుండానే అరిచింది. "కానీ ఓటు వేసే ముందు మా కోసం ఒక హెచ్చరిక పెట్టారు. నడిచి వెళ్తే చదవొచ్చు. నేను వెళ్లలేదు. ఇప్పుడు ఇంకో యుద్ధానికి ఇంకో ఫైలు వస్తోంది. అది అమ్మేవాళ్లు మొదటి అబద్ధం అమ్మినవాళ్ల లాంటివాళ్లే. ఈసారి చదువుతాను. అందరి చేతా చదివిస్తాను."

"దిగు!" అంటూ నిమ్మరసం గ్లాసొకటి ఆవిడ భుజానికి తగిలింది. ఆవిడ తుడుచుకోలేదు.

కర్ట్ చెవిలో ప్రెంటిస్ మండిపడ్డాడు. "టేపు ఆపమన్నాను. నిజం చెప్పించమని నీకెవరన్నారు?"

"ఆవిడే చెప్పింది సార్," కర్ట్ మాడిన చాప్‌ను తిప్పాడు. "ఎన్నికల్లో నిలబడ్డ మనిషి నిజం చెబుతుందని మన దగ్గర సమాచారమే లేదు. మన అంచనా మళ్లీ తప్పింది."