సల్మీ రోడ్డు మీద చలికాలం టైర్లు

ఆంజిని కువైట్ ఎడారిలో, కబ్ద్‌లో ఒక గొర్రెల ఫారం వెనక కాల్చి చంపారు. ఒకే గుండు, చెవి వెనక. శవం పక్కన సగం తాగిన టీ గ్లాసు ఉంది. అంటే చంపినవాడు అతన్ని కూర్చోబెట్టి, టీ పోసి, తాగుతుండగా చంపాడు.

ఈ సంగతి చిన్నపుల్లయ్య మహబూలాలోని ఒక ఫ్లాటు వంటగదిలో నిలబడి విన్నాడు. అది 2007 అక్టోబరు. చెబుతున్నది కళావతి. ఆ ఫ్లాటులో ఆమె మెస్ నడుపుతుంది. రోజూ ఆమె చేతి పప్పుచారు తినిపోయే కూలీలెవరికీ ఆమె మన గూఢచారి విభాగానికి గల్ఫ్ చీఫ్ అని తెలియదు.

"చచ్చిపోయింది నీ తమ్ముడు. రూల్ ప్రకారం ఈ మిషన్ నీకు ఇయ్యకూడదు పుల్లయ్యా," అందామె, పోపు గిన్నె దించుతూ. "టైర్ల పని తెలిసినోడు ఇంకొకడు లేడు. అందుకని ఇస్తాండా."

"చెప్పండి మేడమ్."

"టార్గెట్ లోరెంజ్. యూరప్‌వాడు. పైకి ఖరీదైన కార్ల బేరగాడు, లోపల ఒక విదేశీ ముఠాకి కొరియర్. మన జలాంతర్గామి ఒకదాని ప్రొపెల్లర్ చప్పుడు రికార్డు చేసిన చిప్ వాడి చేతికొచ్చింది. ఆ చప్పుడు శత్రువు చెవిన పడిందంటే, దాంట్లో ఉండే మన పిల్లోళ్ళు ఏ సముద్రంలోనూ దాక్కోలేరు."

"చిప్ ఎట్ల పోతాంది?"

"చక్రంలో. వాడు ప్రతి శీతాకాలం తన కారును విమానంలో ఆల్ప్స్ కొండలకి పంపుతాడు. ఈసారి మంచు రోడ్లకని కొత్త చక్రాలు, కొత్త టైర్లు కొంటాండాడు. ప్రతి టైరు లోపలా గాలి ఎంతుందో చెప్పే సెన్సర్ ఉంటుంది గదా? నాలుగింటిలో ఒకటి ఉత్త డొల్ల. చిప్ దాంట్లో ఉంటుంది. ఎక్స్‌రేలో నాలుగూ ఒకేలా కనబడతాయి."

చిన్నపుల్లయ్య తల ఊపాడు. శత్రువైనా ఏర్పాటు బాగుంది.

"వాడి పక్కన షైని ఉంది. మన ఏజెంటే. కబ్ద్‌లో ఆంజి ఎక్కడ కలవాలో తెలిసింది ముగ్గురికే. నాకు, ఆంజికి, షైనికి." కళావతి గిన్నె మీద మూత పెట్టింది. "అనుమానం ఉంది, రుజువు లేదు. కొత్త మనిషి గారేజీలో ఉంటాడని ఆమెకి చెప్పినా. ఆమె కోడ్ అడుగుతుంది, నువ్వు జవాబు చెప్పు. లోరెంజ్ బెదిరినాడంటే అదే రుజువు. ఇంగొకటి. వాడు ప్రాణాలతో దొరకాల. మన నౌకా స్థావరంలో ఆ చప్పుడు అమ్ముకున్న దొంగ పేరు వాడొక్కడికే తెలుసు. వాడు చస్తే ఆ పేరూ చస్తుంది. ఆ దొంగ ఇంకో ఆంజిని తింటాడు. అర్థమైందా?"

"అర్థమైంది మేడమ్."

అర్థమైంది. కానీ మనసు ఒప్పుకోలేదు. మెట్లు దిగుతున్నంతసేపూ అతని కళ్ళ ముందు ఆ టీ గ్లాసే ఉంది.

*

షువేఖ్‌లో గారేజీల వీధి. గడ్డం పెంచి, గ్రీజు పూసుకుని, అల్లాబకష్ అనే పేరుతో చిన్నపుల్లయ్య ఫిట్టర్‌గా చేరాడు. మూడో రోజు పొద్దున లోరెంజ్ వచ్చాడు. తెల్ల లినెన్ సూటు, సన్నటి నవ్వు. వెండిరంగు స్పోర్ట్స్ కారు నేలకు నాలుగు వేళ్ళ ఎత్తులో పాకుతున్నట్టు లోపలికి వచ్చింది. పక్క సీటులోంచి షైని దిగింది. పచ్చ పట్టు స్కార్ఫు, నల్ల కళ్ళద్దాలు. ఒకప్పుడు నర్సుగా వచ్చిన అమలాపురం అమ్మాయంటే ఎవరూ నమ్మరు.

"చలికాలం సెట్టు కావాలి," అన్నాడు లోరెంజ్ ఇంగ్లీషులో. "ఇరవై అంగుళాల రిమ్. వెడల్పు టైరు. చూడ్డానికి బాగుండాలి."

"చూడ్డానికి బాగుంటుంది సార్, మంచు మీద నిలబడదు," అన్నాడు అల్లాబకష్. "వెడల్పు టైరు మంచు మీద తేలుతుంది. సన్నటిదైతే కోసుకుంటూ దిగి నేలను పట్టుకుంటుంది. రిమ్ చిన్నదైతే టైరు గోడ ఎత్తుగా ఉంటుంది, మంచు కింద గుంత తగిలినా రిమ్ పగలదు."

"అయితే పద్దెనిమిది?"

"మీ బ్రేకులు పెద్దవి సార్. పద్దెనిమిది రిమ్ వాటికి తగులుకుంటుంది. పంతొమ్మిది సరిపోతుంది. కారు ఇంత కింద కూర్చుంది కాబట్టి గొలుసులు వేయడానికి చోటు లేదు. అంతా టైరు రబ్బరు మీదే ఆధారం. మామూలు టైరు చలికి రాయిలా బిగుసుకుంటుంది. దీని రబ్బరు మెత్తన."

లోరెంజ్ అతన్ని మెచ్చుకోలుగా చూశాడు. ఇదే చూపుతో ఆంజికి టీ పోసి ఉంటాడనుకున్నాడు చిన్నపుల్లయ్య.

గోదాములో పంతొమ్మిది అంగుళాల టైర్లు రెండు సెట్లున్నాయి. ఒకటి గంటకు రెండువందల నలభై కిలోమీటర్లు తట్టుకునేది. రెండోది రెండువందల పది. కారేమో మూడువందలు పోతుంది. చిన్నపుల్లయ్య రెండింటి మధ్యా కాసేపు నిలబడి, రెండువందల పది సెట్టు దొర్లించుకొచ్చాడు.

ఆల్ప్స్ దగ్గర ఏదో ఒక పొద్దున, ఖాళీ రోడ్డు మీద, లోరెంజ్ సరదాపడి తొక్కుతాడు. ఆ రోజు ఈ చేతులు అక్కడ ఉండవు. చీఫ్ ఆజ్ఞ అతనికి గుర్తుంది. గుర్తుండే దొర్లించాడు.

సెన్సర్లు లోరెంజ్ తన జేబులోంచి తీసి తనే రిమ్ములకు బిగించాడు, వీపు అడ్డం పెట్టి. డొల్లది ఎందులో ఉందో చిన్నపుల్లయ్యకు అందలేదు. ట్రయల్ ఫిట్టింగ్ చేసి, మడ్‌గార్డుకు టైరు రాసుకోవడం లేదని చూసి, మళ్ళీ విప్పి పెట్టెల్లో సర్దాలి. సర్దేటప్పుడు నాలుగింటినీ అచ్చం అలాంటి వేరే చక్రాలతో మార్చేయాలన్నది ప్లాను.

చక్రాలు బిగించాక అతను డాష్‌బోర్డు మీద ఒక చిన్న స్టిక్కర్ అంటించాడు. 210.

"ఏమిటిది?"

"మీ దేశంలో చట్టం సార్. టైరు తట్టుకునే స్పీడు కారు స్పీడుకన్నా తక్కువైతే డ్రైవరుకు కనబడేలా రాసి పెట్టాలి. ఇంతకు మించి పోకండి."

లోరెంజ్ నవ్వి స్టిక్కరు పీకి అతని చొక్కాకే అంటించాడు. "నాకు డ్రైవింగ్ నేర్పకు, బకష్."

టైరు గోడల మీద ఆ సంగతి అచ్చై ఉంది. నోటితోనూ చెప్పాడు. ఇక అతని మీద ఏ నేరమూ నిలవదు. పగ కూడా పద్ధతిగా తీర్చుకోవచ్చని చిన్నపుల్లయ్యకు ఆ క్షణంలో తెలిసింది. అందులో ఏమాత్రం సంతోషం లేదని కూడా.

షైని నీళ్ళ కూలరు దగ్గరికి వచ్చింది.

"కువైట్‌లో మంచు పడుతుందాండీ?" అంది తెలుగులో, గ్లాసు పట్టుకుని. అది కోడ్.

"పడితే కబురు పెట్టు, కంబళి కొనుక్కుంటా."

ఆమె గ్లాసు పట్టిన చెయ్యి ఆగింది. అతని గడ్డం వెనక మొహాన్ని ఆమె వెతికింది. "మీ మాట ఆంజిలాగే ఉందండి."

"ఒకే ఊరోళ్ళం."

ఆమె గ్లాసు కింద పెట్టి లోరెంజ్ దగ్గరికి నడిచింది. చెవిలో ఒక్క మాట చెప్పింది. మరుక్షణం రెండు తలుపులూ మూసుకున్నాయి. జాకీ మీంచి దింపిన ఆ కారు, విప్పాల్సిన ఆ చక్రాల మీదే, వీధిలోకి దూసుకుపోయింది.

రుజువు దొరికింది. చిప్ పోయింది.

*

"సల్మీ రోడ్డు పట్టినాడు," ఫోనులో కళావతి గొంతు. "కబ్ద్ దాటినాక పాత ఎయిర్‌స్ట్రిప్ ఉంది. వాడి చిన్న విమానం ఇంజను ఆన్ చేసుకుని ఉంది. పోలీసులకు చెప్పినా, వాళ్ళు చేరేలోపు ఎగిరిపోతాడు."

"పోలేడు మేడమ్."

"ఎందుకు?"

చిన్నపుల్లయ్య ఫోను పెట్టేశాడు. గారేజీ పికప్ ఎంత తొక్కినా నూట ముప్పై దాటడం లేదు. ఎదర వెండి చుక్క చిన్నదై కనబడకుండా పోయింది. మిట్టమధ్యాహ్నం. తారు మీద గాలి సెగలు కక్కుతోంది. మంచు కోసం చేసిన మెత్తటి రబ్బరు, ఈ ఎండలో, రెండువందల యాభై మీద ఎంతసేపు ఉంటుందో అతనికి తెలుసు. లోపల తీగలు కాగి, పైపొర ఊడుతుంది. ఆల్ప్స్ దాకా అక్కర్లేదు. ఇక్కడే, ఇప్పుడే.

అతను ఏమీ చేయక్కర్లేదు. పికప్ నడుపుతూ ఉంటే చాలు.

ఒక కిలోమీటరు రాయి వెనక్కి పోయింది. ఇంకొకటి. ఆంజిని చంపిన చెయ్యి, ఆంజిని అప్పగించిన నోరు, రెండూ ఒకే కారులో ఉన్నాయి. ఇంత సులువుగా మళ్ళీ దొరకవు.

మూడో రాయి దగ్గర తిట్టుకుంటూ షైని నంబరు నొక్కాడు. లోరెంజ్ చస్తే దొంగ పేరూ చస్తుంది. జలాంతర్గామిలో ఉన్న పిల్లోళ్ళు ఆంజి ఈడువాళ్ళే.

"ఎవరండీ?" ఇంజను హోరులో ఆమె గొంతు.

"పుల్లయ్యను. ఆంజి అన్నను. వాడికి తెలుగు రాదు గదా? గమ్మున ఇను. ఆ టైర్లు ఈ ఎండకి తట్టుకోవు. ఎదర చిన్న తెర మీద నాలుగు చక్రాల గాలి లెక్కలుంటాయి. చూడు."

"మూడిటికే ఉన్నాయండి. పెరిగిపోతున్నాయండి. ఎడం వైపు వెనకదానికి ఎప్పట్నుంచో గీతలే. పసుపు దీపం ఒకటి వెలుగుతోంది."

ఎడమ వెనక. గాలి లెక్క చెప్పలేని సెన్సర్. చిప్ చోటు తెలిసింది. ఇక ఫోను పెట్టేయవచ్చు.

"వాడితో చెప్పు. నిదానం చెయ్యమను, లేకుంటే ఇద్దరూ చస్తారని."

ఆమె ఇంగ్లీషులో గబగబా చెప్పడం, లోరెంజ్ నవ్వడం వినిపించాయి.

"వినట్లేదండి! ఆ దీపం ఆ డొల్లదాని గోలంట, పొద్దున్నుంచీ వెలుగుతూనే ఉందంట!"

చక్రంలో చిప్ దాచినవాడు తన హెచ్చరికను కూడా దాచేసుకున్నాడు. అసలు ప్రమాదానికి వెలిగే దీపం, దొంగతనానికి ముందే వెలిగిపోయింది.

"బెల్టు బిగించుకో. తల సీటుకి ఆనించు," అన్నాడు చిన్నపుల్లయ్య.

ఫోనులో తుపాకీ పేలినట్టు ఒక చప్పుడు. తరువాత షైని అరుపు. తరువాత ఏమీ లేదు.

*

కుడి ముందు టైరు చీలికలై రోడ్డంతా పరుచుకుని ఉంది. కారు పల్టీ కొట్టలేదు. నేలకు అంత దగ్గరగా ఉన్న కారు అంత తేలిగ్గా పల్టీ కొట్టదు. పొట్ట మీద పళ్ళెంలా జారి, ఇసుకలో సగం దిగబడి ఆగింది. దూరాన రన్‌వే మీద విమానం రెక్కలు మెరుస్తున్నాయి.

చిన్నపుల్లయ్య పికప్ ఆపి దిగేసరికి లోరెంజ్ విరిగిన కాలు ఈడ్చుకుంటూ వెనక చక్రం దగ్గరికి పాకాడు. చేతిలో పిస్టల్. చిప్ లేకపోతే సాక్ష్యం లేదు. సెన్సర్ ఉండే చోట, గాలి వాల్వు పక్కన, పిస్టల్ గొట్టాన్ని రిమ్‌కు ఆనించాడు. వేలు బిగిసింది.

వీల్‌స్పానరు చిన్నపుల్లయ్య చేతిలోంచి లోరెంజ్ మణికట్టు మీద పడింది. గుండు ఇసుకలో దిగింది. విమానం పైలట్ ఇంతసేపూ చూసి, ఇక చూడనక్కర్లేదని ఎగిరిపోయాడు.

చిన్నపుల్లయ్య ఆ పిస్టలే తీసి లోరెంజ్ చెవి వెనక పెట్టాడు. "ఆంజి," అన్నాడు.

"ఎవరు?" అన్నాడు లోరెంజ్. అతను నటించడం లేదు. నిజంగానే గుర్తులేదు.

ట్రిగ్గరు మీద వేలు ఎంతసేపు ఉందో చిన్నపుల్లయ్య ఎవరికీ చెప్పలేదు. చివరికి పిస్టల్ దించి, పికప్‌లోంచి నీళ్ళ బాటిల్ తెచ్చుకుని, లోరెంజ్ ఎదురుగా ఇసుకలో కూర్చున్నాడు. మూత తీసి కొంచెం తాగాడు. ఎండ నడినెత్తిన ఉంది. ఇంకొంచెం తాగాడు.

"మా స్థావరంలో నీ మనిషి పేరు," అన్నాడు.

బాటిల్లో సగం అయ్యేసరికి లోరెంజ్ పేరు చెప్పాడు. మిగతా సగం అతని చేతికిచ్చాడు చిన్నపుల్లయ్య.

షైని కారు తలుపుకు ఆనుకుని కూర్చుంది. చెయ్యి వేలాడుతోంది. స్కార్ఫు నెత్తుటితో నల్లబడింది.

"ఎందుకు ఫోను చేశారండీ?"

"నీకోసం కాదు. కబ్ద్ సంగతి వీడికి చెప్పింది నువ్వేనా?"

"నా పాస్‌పోర్టు వాడి దగ్గరుందండి. ఇచ్చేస్తానన్నాడు." వేలాడే చేతిని రెండో చేత్తో పట్టుకుని, "ఇవ్వలేదండి," అంది.

అతను ఆమె స్కార్ఫు విప్పి, చేతికి ఊయలలా కట్టాడు. దూరాన సైరన్లు వినబడ్డాయి. క్షమించినట్టు ఆమె అనుకోకుండా, ముడి కొంచెం గట్టిగానే బిగించాడు.

సాయంత్రం కళావతి ఫోను చేసింది. స్థావరంలో దొంగను పట్టుకున్నారు. చిప్ చేతికొచ్చింది.

"లోరెంజ్ ఆసుపత్రిలో ఒకటే అరుస్తాండాడు," అంది. "నువ్వు పనికిమాలిన టైర్లు బిగించినావంట. నిజమేనా పుల్లయ్యా?"

"మంచి టైర్లే మేడమ్. చలికాలానికని అడిగినాడు, చలికాలానివే ఇచ్చినా. ఆయనే చలికాలం దాకా ఆగలేకపాయె."