కాకి ముట్టని ఇస్తరాకు

...అదే అనుపమా, అందుకే నీకు జవాబియ్యనీకి గింత లేటయింది. ఏమనుకోకు బిడ్డా. పొద్దుగాల నువ్వు మెసేజ్ పెట్టినవు, "చిన్నమ్మా, మీ పాత కంపెనీ నుంచి మాకో సీసా వచ్చింది, మంచుల పెట్టి పంపిన్రు, దాన్నెట్ల పెంచాలె" అని. ఒక్క ముక్కల చెప్పేదైతే అప్పుడే చెప్పేదాన్ని. టైపు చేస్తే ఒడవది. ఇగ వాయిస్ మెసేజ్ పెట్టి నోటితోనే చెప్త, జర ఓపిక పట్టు. నేను చెప్పుడు అయ్యేదాక ఆ సీసా మూత తియ్యకు. దానికి మేత పొయ్యకు.

ఇయ్యాల మా రాములమ్మక్క సంవత్సరీకం. పైన డాబా మీద ఇస్తరాకుల అన్నం పెట్టి అందరు కాకి కోసం మొగం పైకెత్తి కూసున్నరు. నేను చెంబు తెస్తనని చెప్పి వంటింట్లకు వచ్చి నీతోటి మాట్లాడుతున్న. నువ్వప్పుడు హాస్టల్ల ఉంటివి, నీకు సగమే తెలుసు. మొదటి నుంచి చెప్త.

రాములమ్మక్క నాకు యారాలు, మా ఆయన అన్న ఈశ్వరయ్య బావ భార్య. నన్ను సిన్నీ అని పిల్చేది. ఆమెకు ఆకలైతే ఇల్లు పీకి పందిరేసేది. పెండ్లిల మొదటి బంతిల కూసొని, "ఇంకింత ఎయ్యే, చెయ్యి కొరత జేస్తవెందుకే" అని వడ్డించెటోళ్ళను పరేషాన్ జేసేది. అసొంటి మనిషికి కడుపుల గడ్డ లేసింది. మెతుకు దిగకపోయేది. చివరికి కూర గిన్నె మూత తీసి, "వాసనన్న సూపియ్యే" అనేది. నేను సూపిచ్చి, అటు తిరిగి ఏడ్సేది.

పట్నంల పెద్ద దవాఖానల ఆపరేషన్ చేసినప్పుడు, గడ్డల చిన్న ముక్క పరిశోధనకు ఇస్తరా అని డాక్టరమ్మ అడిగింది. అక్క ఏలిముద్ర వేసింది. ఎక్కడికి పోతది అంటే, తొండుపల్లి దాటినంక ఫలానా ల్యాబ్ అన్నరు. అంటే మాదే. అక్కకు గంత నొప్పిల గూడ నవ్వు.

"సిన్నీ, నాది నీ దగ్గరికే వస్తదట. ఆకలికుంచకే," అన్నది.

నేను ఉంచుత అంటనా?

మా ల్యాబ్‌ల పని ఏందంటే, నువ్వు ఈ పనికి కొత్త గద, అందుకే చెప్తున్న, రోగుల గడ్డల నుంచి తీసిన కణాల్ని సీసాలల్ల పెంచుడు, వాటి మీద కొత్త కొత్త మందులు పోసి ఏది చంపుతదో చూసుడు. కణాలకు గులాబి రంగు నీళ్ళు పోస్తం, అదే వాటికి మేత. తిన్నకొద్ది ఆ నీళ్ళు పసుపుపచ్చగైతయి. పచ్చగైనయంటే ఆకలైంది, మళ్ళ పొయ్యాలె. నెల తక్కువ పిల్లల్ని పెట్టే పెట్టె ఉంటది చూడు, గసొంటి వెచ్చటి పెట్టెల పెడ్తం. ఒంటి వేడి ఎంతనో అంతే వేడి ఉంటది అండ్ల.

మా మేనేజర్ వీరేందర్ సార్ కు ఒకటే పాట, మార్కెట్. "ప్రేమలతమ్మా, ఏండ్ల కొద్ది సీసాలల్లనే పెరిగిన పాత సెల్స్ మీద మందు పనిచేస్తే ఏం లాభం? మనిషి మీదికి వచ్చేసరికి తుస్సుమంటుంది. ఇప్పుడు బయట దేశపోళ్ళందరు నేరుగ రోగి నుంచి తీసినయే కావాలంటున్నరు. పెద్ద కంపెనీలు సొంత ల్యాబులు మూసి మన అసొంటోళ్ళకు కాంట్రాక్టు ఇస్తున్నయ్. మార్కెట్ అటు పోతుంది, మనం గూడ అటే." అప్పటిదాక నేను చేత్తోటి చుక్క చుక్క పోసేది. ఇగ మరచేయి తెచ్చి పెట్టిండు, మనిషి చేతికి బదులు మందులు పోసే మిషను. అరచేయంత పలక, దాని నిండ గుంటలు, ఒక్కో గుంటల ఒక్కో మందు. అది పీల్చుడు, వదులుడు. పీల్చుడు, వదులుడు. మనిషి గుటకేసినట్టే చప్పుడు.

అక్క కణాల మీద ఏ మందు పోసినా చావలే. అవతల దవాఖానల అక్క మాత్రం పోయింది.

"ఇది బంగారం!" అన్నడు వీరేందర్ సార్, కంప్యూటర్ల గీతలు చూసి. "దేనికీ చావనియే అందరికి కావాలె. అసలు మందు ఎందుకు పనిచేస్తలేదో తెలుసుకోనీకి."

"సార్, ఆమె పోయి వారం గాలే," అన్న నేను.

"ఎవరు?"

ఏం చెప్తం అనుపమా? ఆయనకు అది నంబరు.

ఇగ ఇంటికాడ పిట్టకు పెట్టుడు. మూడోనాడు పెడితే కాకి రాలే. మా తమ్ముడు, "ఎయిర్‌పోర్టోళ్ళు పటాకులు పేల్చి పిట్టల్ని తరుముతున్నరక్కా, గందుకే" అన్నడు. సరే అని కొత్వాల్‌గూడ దిక్కు పోయినం, హిమాయత్ సాగర్ ఒడ్డుకు. అక్కడ కాకులకేం కొదువ? బండల మీద నల్లగ వరుసగ కూసున్నయి. ఆకు దిక్కే చూస్తున్నయి. ఒక్కటి దిగలే.

ఐలయ్య మామ అన్నడు, "కల్లు పెట్టుండ్రి, ఆమెకు పానం."

"అమ్మ కల్లు తాగదు తాతా, నీకే పానం," అన్నది అక్క బిడ్డ పూర్ణిమ. గంత ఏడుపుల గూడ నవ్వినం.

బోటి కూర పెట్టినం. గాజులు పెట్టినం. పూర్ణిమ చదువు ఆపనని బావ మాటిచ్చిండు. ఇంకో పెండ్లి చేసుకోనని గూడ చెప్పిండు, ఆ కాకులకు దండం పెట్టి. కాకులు కదల్లే. గప్పుడు బావ లేసి, "అది తినంది నేనెట్ల తింట?" అన్నడు. ఆ దినం నుంచి అన్నం ముట్టలే. జావ తాగుతడు, అంతే. ఏడాదిల మనిషి సగమైండు. లుంగి నడుముకు నిలుస్తలేదు. దవాఖానోళ్ళు రోగం లేదంటరు. రోగం లేకుంటే మనిషి గిట్ల ఎండుతడా? ఎవ్వరికి చెప్పినా ఒక్కో కారణం చెప్తరు, ఒక్కరన్న పని జేస్తరా? నాకు ఒళ్ళు మండుతది.

ఆగు, ఫ్లైటు పోతుంది... ఆఁ.

పదకొండో దినం గూడ కాకి ముట్టలే. మరుసటినాడు డ్యూటీకి పోయిన. పగలే, కని ముసురు. మా ల్యాబ్‌ల చీకటి గది ఒకటుంటది, కిటికీ ఉండది. రంగు కలిపిన కణాలు చీకట్లనే మెరుస్తయి గద, అందుకు. లోపలికి పోయి తలుపేసుకొని మైక్రోస్కోపుల కన్ను పెట్టిన. అక్క కణాలు ఆకుపచ్చగ మెరుస్తున్నయి. మంచిగనే ఉన్నయి.

కరెంటు పోయింది.

జనరేటర్ వస్తది లే అని కూసున్న. ఫ్రిజ్‌లు, వెచ్చటి పెట్టె దాని మీదనే నడుస్తయి. అవి షురువైనయి. గదిల లైటు మాత్రం రాలే. మొత్తం చీకటి. కళ్ళు తెరిచినా మూసినా ఒక్కటే.

ముందుగాల వాసన వచ్చింది. ల్యాబ్‌ల ఎప్పుడూ స్పిరిట్ వాసనే ఉంటది. ఇది గట్క వాసన. ఉడుకుడుకు జొన్న గట్క మీద పచ్చిపులుసు పోసినట్టు... ఎవరన్న డబ్బా తెచ్చుకున్నరేమో అనుకున్న. లోపలికి తిండి తేనియ్యరు గద.

ఇంతల గోడవతల మరచేయి చప్పుడు. పీల్చుడు. వదులుడు.

కరెంటు లేదు. మరచేయికి జనరేటర్ లైను లేదు. నాకు తెలుసు.

మళ్ళ గుటక.

గోడ పట్టుకొని, కిటికీ వెలుతురు ఉన్న అవతలి గదిలకు వచ్చిన. మరచేయి కదులుతలేదు. దాని మీద ప్లాస్టిక్ ముసుగు, ఎప్పటిదప్పటిలెక్కనే ఉన్నది. చప్పుడు దాని నుంచి కాదు. పక్కన వెచ్చటి పెట్టె నుంచి వస్తుంది. దాని అద్దం తలుపు మీద ఆవిరి. లోపలిదిక్కు. ఒక్క కాడ గుండ్రంగ... ఎవరో దగ్గరగ మొగం పెట్టి ఊపిరి వదిలినట్టు. తగ్గుతుంది. మళ్ళ పరుసుకుంటుంది.

తలుపు తెరిచిన. ఎందుకు తెరిచిన్నో నన్నడగకు. ఆ పొద్దుగాలనే మేత మార్చిన అక్క సీసా, గులాబిగ ఉండాలె. చిక్కటి పసుపు. నిమ్మకాయ రంగు. రెండు మూడు దినాలకు కావాల్సిన పసుపు.

పాత నీళ్ళు తీసి కొత్తయి పోసిన. గులాబి... చూస్తుండంగనే అంచుల పొంటి పచ్చగయింది. మధ్యకు వచ్చింది. మొత్తం పసుపు.

మళ్ళ పోసిన. మళ్ళ పసుపు.

గప్పుడు నా చెవి కాడ... గట్టిగ కాదు. గుసగుస.

"ఇంకింత..."

అనుపమా, ఆ గొంతు నాకు తెల్వదా? గా కూర గిన్నెల మీద వంగి వాసన పీల్చిన గొంతు.

"ఇంకింత ఎయ్యే... సిన్నీ..."

పోసిన. పెద్ద సీసా మేత మొత్తం ఒడిసింది. ఏడ్సుకుంట పోసిన. ఒడిసినంక నాకు తెలిసొచ్చింది. అక్క పూర్తిగ పోలేదు. సగం కాష్టంల కాలింది, సగం నా చేతిల ఆకలితోటి ఉన్నది. ఇగ కాకి ఎట్ల ముడతది?

"అక్కా, చాలు ఇగ. పో అక్కా," అని బ్లీచింగు నీళ్ళు పోసిన. సీసా తెల్లగయింది. గుటక ఆగింది. గట్క వాసన పోయింది. లైటు వచ్చింది.

మరునాడు ఆకు పెడితే, మొదటిసారి కాకి కిందికి దిగింది. ఆకు చుట్టు తిరిగింది. అన్నంల ముక్కు పెట్టింది. బావ చేతులు జోడిచ్చిండు. అది ముక్కు తీసి, ల్యాబ్ దిక్కు చూసి, ఎగిరిపోయింది. ఒక్క మెతుకు తినలే.

వీరేందర్ సార్ దగ్గరికి ఉరికిన. "సార్, ఆ సెల్స్ ఇంకెక్కడన్న ఉన్నయా?"

"ఉండకుండ ఎట్లమ్మా? ఒక్క సీసాను వంద చేస్తం, మంచుల గడ్డ కట్టిస్తం, అమ్ముతం. అదే మన వ్యాపారం. బెంగుళూరు పోయినయ్, ఫారిన్ పోయినయ్..."

"పారెయ్యమని చెప్పుండ్రి సార్. ఆమె మా యారాలు."

"పారేస్తే నష్టం ఎవరు కట్టాలె? జర మార్కెట్ అర్థం చేసుకో."

గప్పుడే నౌకరి ఇడిసిన. ఊకోలే, తెలిసిన కంపెనీలకల్ల ఫోన్లు జేసిన. ఒకామె, "మేడమ్, ఆర్ యూ ఓకే?" అని నవ్వి పెట్టేసింది. ఇంకొకాయన ఈమెయిల్ పెట్టమన్నడు. పెట్టిన. జవాబు లేదు. తర్వాత మార్కెట్ ఇంకో దిక్కు పోయిందట, మా కంపెనీకి పని తగ్గింది, మూసేసిన్రు. సీసాల్ని మంచుల ఉంచే ట్యాంకులు ఎండిపోయినయి, సీసాలన్ని చచ్చినయి అన్నరు. బయటికి పోయినయి గూడ ఎవరు పెంచుతలేరు, పారేసిన్రు అన్నరు. ఇగ ఆమె ఎక్కడ లేదు అనుకున్న. బావకు గూడ చెప్పిన, "సంవత్సరీకం నాడు కాకి తప్పక ముడతది బావా, ఆనాడు నువ్వు అన్నం తినాలె" అని. ఒప్పుకున్నడు. ఏడాది నుంచి మొదటిసారి ఒప్పుకున్నడు. ఇయ్యాల పొద్దుగాల తానం జేసి, నాతోటి, "పప్పు జర పల్సగ చెయ్యి ప్రేమా, అలవాటు తప్పింది" అన్నడు.

ఇగ ఆకు పెట్టంగనే నీ మెసేజ్ చూసిన. నువ్వు పంపిన ఫోటోల సీసా మీద ఉన్నది అక్క నంబరే.

ఎవడు దాసిండో, ఏ ఫ్రిజ్‌ల దాసిండో, ఏ కంపెనీ చేతులు మారి మీ శామీర్‌పేట ల్యాబ్ దాక వచ్చిందో, నాకు తెల్వది. నీకు దండం పెడ్త బిడ్డా. మీ సార్ ఏమన్న అననీ, కరగబెట్టకు. వేడి నీళ్ళల్ల పెట్టకు. గులాబి నీళ్ళు ఒక్క చుక్క తగిలితే లేస్తది. లేస్తే ఆకలంటది. మూత తీయకుండనే కాల్చేసే చెత్తల ఎయ్యి. చేతి నుంచి జారిపోయిందని చెప్పు. తిడితే తిట్టనీ. ఈడ ఒక మనిషి పానం...

ఏందయ్యా? వినపడుతలేదు, కిందికి వచ్చి చెప్పు!... మా ఆయన, అనుపమా, డాబా మీదికెల్లి పిలుస్తుండు. ఆగు, ఫోన్ పట్టుకొనే మెట్ల కాడికి పోతున్న.

"ప్రేమా! జల్ది రా! ఆకు ఖాళీ అయింది!"

కాకి వచ్చిందా? తిన్నదా? అబ్బ... బావకు అన్నం పెట్టుండ్రి ముందుగాల!

"కాకి రాలేదే. మేమందరం ఈడనే ఉన్నం, కన్నార్పలే. అన్నం లేదు. ఆకుల నీళ్ళున్నయి... గులాబి రంగు నీళ్ళు. నువ్వేమన్న పోసినవా?"

నేను కాదు... అనుపమా. అనుపమా, నిజం చెప్పు. నువ్వు పొద్దుగాలనే దానికి మేత పోసినవా...

"ఓ ప్రేమా, రా అంటుంటే! పచ్చగైతున్నయే ఇవి... అన్న ఆకు మీదికి వంగి వాసన చూస్తుండు, లేపితే లేస్తలేడు..."

వస్తున్న! వస్తున్న, ఆయన్ను పట్టు...