నరం తప్పిన కొక్కెం

ఏజెంట్ పదకొండుకి ముందు శవాన్ని చూపించి, తర్వాత పని చెప్పారు. పోయినవాడు మొన్నటిదాకా విదేశీ కబేళాలో పశువైద్యుడి వేషంలో ఉన్న మన ఏజెంటే.

"ఇక ఆ వేషం నీది," అన్నాడు చీఫ్. "కంపెనీ చరిత్ర విను. తాత మాంసం కొట్టు పెట్టాడు. కొడుకు సైన్యానికి డబ్బా మాంసం సప్లై చేశాడు. మనవరాలు సముద్రం దాటి కబేళా కొంది. అక్కడ ఒక ముఠా మాంసానికి విషం ఎక్కిస్తోంది. ఆ మాంసం ఎల్లుండి నాలుగింటికి మన సైన్యం కోసం ఓడెక్కుతుంది."

"ఏ రెజిమెంట్‌కి?"

చీఫ్ మొహం తిప్పుకున్నాడు. పదకొండు తమ్ముడు ఉన్న రెజిమెంటే.

ఎల్లుండి మూడున్నరకి, కోల్డ్ రూంలో ఎనిమిది వందల కళేబరాల మధ్య, పదకొండు తెల్లకోటులో నిలబడ్డాడు. పెన్నులో దాచిన విషం డిటెక్టర్ చలికి చచ్చి ఊరుకుంది. హెడ్‌క్వార్టర్స్ వాళ్ళ తెలివి తెల్లారినట్టే ఉంది. తమ్ముడు గుర్తొచ్చి అతను పెన్నుని చంకలో పెట్టి వెచ్చబెట్టసాగాడు.

మేడమ్ సిల్కు స్కార్ఫ్ సర్దుకుంటూ వచ్చింది. తాతగారి మనవరాలు. మనకు సమాచారం అమ్మేదీ, ముఠాకి తాళాలిచ్చిందీ ఆవిడే.

"అనుమానం ఉన్నవి వేలెట్టి చూపించండి డాక్టర్‌గారూ. లేదంటే అన్నీ ఓడెక్కుతాయి."

తాతగారి కాలం నుంచీ ఉన్న పెద్దమేస్త్రి పక్కనే గొణుక్కుంటున్నాడు. "ఏ దద్దమ్మ తగిలించాడు ఇవి?"

"ఏమైంది మేస్త్రీ?"

"కొక్కెం వెనక్కాలి నరంలోంచి పోవాలండీ. వీటికి కండలో గుచ్చారు. బయటివాళ్ళెవరో దింపి, మళ్ళీ తగిలించారు."

పదకొండుకి ప్రాణం లేచొచ్చింది. విషం ఎక్కించడానికే దింపారు! "అలాంటివన్నీ చూపించు."

నలభై ఒక్క కళేబరాలకి, కాల్చెయ్యమని ఎర్రముద్ర పడింది.

"మేస్త్రీ, అవి పొయ్యిలో పడితే రేపట్నుంచి నీకు పని లేదు," అంది మేడమ్.

"మీ తాతగారు నేర్పిన పనేనమ్మా," అని మేస్త్రి మీట లాగాడు. ఆఖరిది మంటల్లో పడ్డాక ఓడ కూత వేసింది.

విషం కబురు పొక్కి, వారం తిరక్కుండా కబేళా మూతపడింది. తొమ్మిది వందల మందితోపాటు మేస్త్రీ రోడ్డున పడ్డాడు. పదకొండు అతనికేదైనా పని అడుగుదామని చీఫ్ గదికి వెళ్తే, మేడమ్ అక్కడ కాలు మీద కాలేసుకుని కూర్చునుంది.

"ఆవిడ మనకింకా కావాలయ్యా," అన్నాడు చీఫ్. "ముఠా ఈసారి పాలపొడి ఫ్యాక్టరీ కొంది. సప్లై అదే రెజిమెంట్‌కి."

పదకొండుకి ఏడుపొచ్చింది. చీఫ్ టీ కప్పు అతని వైపు జరిపాడు.

"పాలు లేకుండా ఇప్పించండి సార్," అన్నాడు పదకొండు.