రెండో చరణం

ప్రెస్సు మేడమీద చివరి గదికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక ఆ వరండాలో నడవాల్సి వచ్చినవాళ్లు ఇవతలి గోడకు ఒరుసుకుంటూ నడుస్తారు. తాళం వేసిన గదిలోంచి కీబోర్డు మోగుతుందట.

"పాట కాదు..." అనేవాడు వాచ్‌మన్. "ఒక్క స్వరం మోగుతుంది. ఆగుతుంది. కాసేపటికి మళ్లీ... ఏదో పోగొట్టుకున్నవాడు చీకట్లో తడుముకుంటున్నట్టు."

వింత అది కాదు. పగలు వెళ్లి స్విచ్చు వేస్తే ఆ కీబోర్డు అసలు పలకదు.

దాని యజమాని ఒక పాటల బృందంలో వాయించేవాడు. రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఆ తర్వాత బృందం ప్రాక్టీసు వేరేచోటికి మార్చుకుంది. గదిలో అతని సామాను ఎక్కడిదక్కడే ఉండిపోయింది. ముట్టుకోవడానికి కొందరికి మనసొప్పలేదు, మిగతావాళ్లకు ధైర్యం చాలలేదు.

ఇక్కడినుంచి అతని తమ్ముడు చెప్పగా విన్నది. అతను అదే బృందంలో డ్రమ్ములు వాయిస్తాడు. తాను ధైర్యవంతుణ్నని ఎక్కడా చెప్పుకోడు.

గది ఖాళీ చెయ్యమని ప్రెస్సు యజమాని గడువు పెట్టాడు. కీబోర్డు చచ్చిపోయిందని కొత్తగా వచ్చిన వాయిద్యగాడు తేల్చేశాడు. మర్నాడు పొద్దున్నే పాత సామాను కొనేవాడు వస్తాడు. ఆ కబురు విని వదిన మరిదికి ఫోను చేసింది.

"అందులో నా పాట ఉంది. ఒక్కసారి మోగితే చాలు. నాతో వస్తావా?"

పాట రాసింది ఆమే. ఒక పల్లవి, రెండు చరణాలు, చరణానికి నాలుగు లైన్లు. ప్రమాదానికి ముందు రాత్రి పల్లవికీ మొదటి చరణానికీ బాణీ కట్టి కీబోర్డు మెమరీలో దాచాడు భర్త. "రెండోది లొంగట్లేదు. రేపు దాని సంగతి చూస్తా" అన్నాడు. పాట కుదిరిందంటే చివర కింది స్వరం రెండుసార్లు నొక్కడం అతని అలవాటు... మేస్త్రీ పూర్తయిన గోడని తాపీతో తట్టినట్టు. ఆ రాత్రి నొక్కలేదు. ఆ బాణీ ఆమె ఒక్కసారే విన్నది. ఇప్పుడు ఎంత తవ్వుకున్నా గుర్తు రావడం లేదు.

ఇద్దరివీ పగటి ఉద్యోగాలు. వాళ్లు మేడెక్కేసరికి చీకటి పడింది.

గదిలో ట్యూబులైటు ఎప్పుడో మాడిపోయింది. ఫోను వెలుగులో చూశారు — మూలన స్టాండు మీద కీబోర్డు. దాని ఎడంవైపు కీల మీద అతని తోలుసంచి, ఆఖరిరోజు పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆమె దాన్ని చూసి, తీయలేక, చెయ్యి వెనక్కి లాక్కుంది.

స్విచ్చు వేసే ఉంది. తెర నల్లగా ఉంది.

మరిది తన ఫోను ఛార్జరు గోడ ప్లగ్గులో పెట్టి చూశాడు. కరెంటు వస్తోంది. అయితే పోయింది అడాప్టరే. తను తెచ్చిన బ్యాగులోంచి ఇంకో అడాప్టర్ తీశాడు.

"కొత్త కీబోర్డుది. పట్టుకొచ్చా."

"ఆగు! పిన్ను చూశావా? దీనికి లోపల మైనస్సు, దానికి ప్లస్సు. పెట్టావంటే కాలిపోతుంది. మీ అన్న ఎన్నిసార్లు చెప్పాడు నీకు?"

"అన్న నాకు చెప్పేదల్లా డ్రమ్ములకి కరెంటు అక్కర్లేదనే కదా వదినా..."

ఆమె నవ్వబోయింది.

అప్పుడు మోగింది.

ఒకే ఒక్క స్వరం. కింది స్థాయిలో, బొంగురుగా... ఆగిపోయింది.

మరిది తలుపు దగ్గర ఉన్నాడు. ఎప్పుడు వెళ్లాడో అతనికే తెలీదు.

"ఉండరా," అంది ఆమె గొంతు తగ్గించి. "మీ అన్నే అయితే మనల్నేం చేస్తాడు?"

"అన్నైతే ఫర్వాలేదు. కాకపోతేనే..."

మళ్లీ మోగింది. ఈసారి తెర కూడా ఒక్క క్షణం వెలిగి ఆరింది.

కాళ్లకింద నేల సన్నగా అదురుతోంది. కింద ప్రెస్సులో రాత్రి షిఫ్టు మొదలైంది. ఆమె వంగి కీబోర్డు వెనక వెలుగు వేసింది. దూరీ దూరనట్టున్న అడాప్టర్ పిన్ను ఆ అదురుకి వణుకుతోంది. అది కాస్త జారినప్పుడల్లా తెర వెలుగుతోంది.

"బ్యాటరీలు!" అంది. "అడుగున బ్యాటరీలున్నాయి. ఈ పిన్ను దూరినంతసేపూ వాటినుంచి కరెంటు రాదు. జారితే వస్తుంది... సంచి బరువుకి నొక్కుకుపోయిన కీ మోగుతోంది. అంతే!"

మరిది కుర్చీలో కూలబడ్డాడు. "ఒరే అన్నయ్యా... నీ సంచికి దణ్ణం."

ఆమె ఈసారి సంచిని తీసి ఒడిలో పెట్టుకుంది. పిన్ను పూర్తిగా లాగేసింది. తెర నిలకడగా వెలిగింది. మూలన బ్యాటరీ బొమ్మ టపటపా కొట్టుకుంటోంది. ఇది ఆరేలోపే పాట పట్టుకోవాలి. మరిది ఫోనులో రికార్డింగు పెట్టాడు. ఆమె పాట వెతికి నొక్కింది.

పల్లవి వచ్చింది. ఆమె పెదవులు కదిలాయి, తర్వాత గొంతు. మొదటి చరణం సాగింది. అవును, ఇదే... ఆ రాత్రి విన్నది ఇదే. చరణం అయిపోయింది. మరిది ఫోను ఆపబోయాడు.

బాణీ ఆగలేదు.

రెండో చరణం.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ రాత్రే మళ్లీ వచ్చి పూర్తి చేశాడు కాబోలు అనుకున్నాడు మరిది. అన్న సంగతి తెలిసిందే, పట్టిన పని వదలడు. ఆమె కళ్లు తుడుచుకుని అందుకుంది. మొదటి లైను, రెండోది, మూడోది... మాటలు ఎక్కడా తడబడకుండా బాణీలో ఒదిగాయి. నాలుగో లైనూ అయింది.

ఒక్క క్షణం నిశ్శబ్దం.

బాణీ మళ్లీ ఎత్తుకుంది. ఇంకొక్క లైనుకు సరిపోయేంత. ఆమె అదీ పాడింది —

"చీకటిలో ఉంటే పిలువు, దీపం నేను తెస్తాను..."

చివర కింది స్వరం. రెండుసార్లు.

తెర ఆరిపోయింది. కింద యంత్రాల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

"వదినా..." అన్నాడు మరిది. "ఆఖరి లైను నేనెప్పుడూ వినలేదే. ఎప్పుడు రాశావు?"

ఆమె ఒడిలో సంచిని గట్టిగా పట్టుకుంది.

"ఆయన పోయాక... ఎవరికీ చూపించలేదు."